గోడ మీద చోటు చాలని మాట

నా జీవితంలో ఒక్కసారి పరుగు పందెంలో అందరికన్నా ముందొచ్చాను. అబద్ధం కాదు, బడి మొత్తం చూసింది. ఆటల మైదానం చుట్టూ ఉరికి, మొదలుపెట్టిన గీత దగ్గరికే తిరిగొచ్చి, రెండు చేతులూ పైకెత్తి అందరికీ చూపించుకుని, గేటు దగ్గర పుల్ల ఐసు అమ్మే ఆయన వైపు నడిచాను. ఐసు సగం కరిగాక తెలిసింది, ఆ పందెం నాలుగు రౌండ్లని. డ్రిల్లు మాస్టరు ముందే చెప్పాడట. ఆయన చెప్పేటప్పుడు నేను పక్కవాణ్ణి నవ్వించే పనిలో ఉన్నాను. మిగిలినవాళ్ళు నాలుగో రౌండు ముగించి రొప్పుతూ నేల మీద పడేసరికి నా చేతిలో పుల్ల మాత్రం మిగిలింది.

ఆ మరుసటి ఏడే, ఏడో తరగతిలో, బడికీ నాకూ తెగిపోయింది. నేను దాన్ని వదిలేశానో, అది నన్ను వదిలేసిందో ఇప్పటికీ తేలలేదు. మళ్ళీ కలుద్దామని మాత్రం ఇద్దరిలో ఎవరమూ అడగలేదు.

అప్పటినుంచి నా బతుకంతా మొదటి రౌండ్లే. చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేరి, కాయలు అయిపోకముందే నేను అయిపోయాను. కొండకు పోయే జీపులో క్లీనరుగా ఎక్కి, ఘాటు రోడ్డు రెండో మలుపులో యాత్రికులకన్నా ముందు నేనే తల బయట పెట్టాను. కుట్టుపని నేర్చుకుంటానని పోయి చొక్కాకు ఒక చేయి కుట్టి వచ్చాను. రెండో చేయి ఇప్పటికీ ఆ టైలరు దగ్గరే ఉంది.

నిలబడింది ఒక్క పని. బోర్డులు రాయడం. చదువు మానేసినవాడు అక్షరాలు అమ్ముకుని బతకడమేమిటని మీరు నవ్వొచ్చు. నేనూ నవ్వాను. నాకు ఆ పని నేర్పిన మేస్త్రికి ఒకటే సూత్రం ఉండేది. "మొదుటి అచ్చరం ఎవుడైనా రాస్తాడు రా. కడగొట్టు అచ్చరం యాడ వస్తాదో సుద్దముక్కతో ముందు గుర్తు పెట్టుకో. ఆ తర్వాతనే బ్రష్షు ముంచు." ఎందుకంటే ఊపు మీద మొదలుపెట్టినవాడు మొదటి అక్షరాన్ని ఏనుగంత రాస్తాడు. రాసుకుంటూ పోయేసరికి మాట మిగిలిపోతుంది, గోడ అయిపోతుంది. ఏనుగంత 'శ్రీ', చీమంత 'స్టోర్సు' ఉన్న అంగడి బోర్డు ఎక్కడైనా కనబడితే అది నా తోటివాళ్ళ పని అనుకోండి. కొన్ని నావే.

మేము ఉండేది తిరుపతిలో, రేణిగుంట వైపు. పెళ్ళయిన మూడో ఏడు నుంచి మా ఇంటామె ప్రభువును నమ్ముకుంది. మా వీధి చివర రేకుల కప్పు చర్చికి ప్రతి ఆదివారం ఆమెను దింపడం, ఆరాధన అయ్యేదాకా బయట మెట్టు మీద కూర్చుని అందరి చెప్పులకు కాపలా కాయడం నా పని. ఒకరోజు లోపలినుంచి మైకులో పాస్టరు అయ్యగారి మాట వినపడింది. విశ్వాసం ఒక పందెమట. మా వైపు పందెం అంటే కోడి కాలికి కత్తి కట్టేది, లేదంటే క్రికెట్టు మీద కాసేది. ఇంత నెమ్మదైన మనుషులు లోపల దేని మీద కాస్తున్నారా అని తొంగి చూశాను. సరిగ్గా కనపడక ఒక అడుగు లోపల పెట్టాను. నిలబడితే బాగుండదని కూర్చున్నాను. ఆయన చెప్పేది పరుగు పందెం గురించని తెలిసేసరికి చెప్పులు బయట, నేను లోపల.

ఆ రోజు విన్నదేదో నన్ను వదల్లేదు. యేసు నాలాంటివాడి కోసం కూడా వచ్చాడన్న మాట నాకు నిజమనిపించింది. నేను జోకులేసేది జనం నన్ను చూడాలని. నేను జోకు వేయకుండానే ఒకాయన నన్ను చూస్తున్నాడన్నది నాకు కొత్త. బాప్తిస్మం తీసుకుంటానని అయ్యగారితో చెప్పాను. దానికి ముందు పన్నెండు ఆదివారాలు ఆరాధన తర్వాత పాఠాలు వినాలి.

మొదటిసారి మొదటి వారం ఏడ్చాను, రెండో వారం పాడాను, నాలుగో వారం ఆవలించాను. ఆవలింత వచ్చిందంటే భక్తి పోయిందనుకుని నేనూ పోయాను. రెండోసారి ఏడో వారం దాకా లాగాను. ఏడు అనే అంకె నాకు ఎక్కడా అచ్చిరాలేదు.

నేను నవ్వుతూ తిరుగుతున్నాను కానీ, ఆమెకు అది నవ్వులాట కాదు. నెలనెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గరికి ఆమె ఒక్కతే పోయేది. బాప్తిస్మం లేని నేను కూర్చునే ఉండేవాణ్ణి. రొట్టె, ద్రాక్షరసం తీసుకుని వచ్చి నా పక్కన కూర్చునేటప్పుడు నా వైపు చూసేది కాదు. ఆ చూడకపోవడంలోనే అడగడం ఉండేది. అట్లా పదకొండేళ్ళు. రెండోసారి నేను మానేశాక, దోసె తిరగేస్తూ, కోపం లేకుండా చెప్పింది.

"ఇంగ నేను లేపనయ్యా. నిన్ను లేపి, స్నానానికి తోలి, చొక్కా చేతికిచ్చి తీసకపోతే అది నా బాప్తిస్మం అవుతాది గానీ నీది గాదు. పోతే నువ్వే పో."

కోపంగా చెప్పుంటే ఏదో ఒక జోకు దొరికేది. కోపం లేకపోయేసరికి దోసె తిని లేచాను.

ఇక గోడ సంగతి. మా చర్చిలో ప్రతి కొత్త ఏటికీ ఒక మాట పెట్టుకుంటారు. ఆ ఏడు అయ్యగారే ఒక మాట కూర్చాడు: 'పరుగెత్తుదాం కడవరకు ఓపికతో'. వీధి వైపు గోడ మీద రాయమని నాకు అప్పగించి, గూడూరులో ప్రార్థన కూటాలున్నాయని వెళ్ళిపోయాడు.

మూడే మాటలు. నా అనుభవం పాతికేళ్ళు. మూడు మాటలకు సుద్దముక్క ఎందుకని నేరుగా బ్రష్షు ముంచాను. ఎర్ర రంగు. 'ప' ఎంత ఠీవిగా వచ్చిందంటే కిందికి దిగి, వీధి దాటి పోయి, అక్కడినుంచి చూసుకుని మళ్ళీ ఎక్కాను. 'రు' కొమ్మును పరుగెత్తే మనిషి కాలులా సాగదీశాను. 'పరుగెత్తుదాం' పూర్తయ్యేసరికి గోడ సగం పైనే అయిపోయింది. 'కడవరకు' అనే మాటను బస్సులో జనాన్ని సర్దినట్లు సర్దాను. ఆ తర్వాత తల తిప్పితే తలుపు చట్రం. 'ఓపికతో' రాయడానికి జానెడు చోటు లేదు. అడుగున చిన్నగా రాసి ఉండొచ్చు. తలుపు అవతల కూడా కొంత గోడ ఉంది, అక్కడైనా రాసి ఉండొచ్చు. కానీ అప్పటికి ఎండెక్కింది, ఆకలేస్తోంది. నిజం చెప్పాలంటే, ఓపిక రాయడానికి ఓపిక లేదు.

నిచ్చెన దించుతుంటే ఎదురుగా టీ అంగడాయన గోడను ఈ చివరనుంచి ఆ చివరకు చదివాడు.

"కడవరకు పరుగెత్తుదాం అంటా ఉండారు. ఎవురప్పా మిమ్మల్ని తరుముకొస్తా ఉండేది?"

మర్నాడు ఆదివారం. అయ్యగారు గోడ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆరాధనకు వచ్చేవాళ్ళు ఒక్కొక్కరుగా ఆయన వెనక ఆగారు.

"ఓపిక యాడప్పా?"

"చోటు చాల్లేదయ్యగారూ."

"గోడలోనా, నీలోనా?"

అందరూ నవ్వారు. నేనే ముందు నవ్వాను, అది నా అలవాటు. సున్నం కొట్టేసి మళ్ళీ రాస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"వద్దు. అట్లనే ఉండనీ. వచ్చే నెల తరగతి మొదులుపెడతా ఉండా. ఈ తూరి పన్నెండు వారాలూ ముగించు. ముగించినాక ఆ మాట నువ్వే రాద్దువు. అంతదాకా గోడ ఇట్లనే ఉంటాది."

మా ఇంటామె చెప్పులు విడిచే దగ్గర తలొంచుకుని నవ్వుకోవడం చూశాను.

అట్లా ఆ ఏడు నా ఓపిక లేనితనం వీధికి బోర్డయింది. పాల ఆయన, ఆటోవాళ్ళు, ట్యూషనుకు పోయే పిల్లలు, అందరూ చదివేవాళ్ళు. ఎక్కడ కనపడినా అడిగేవాళ్ళు: "దొరికిందా ఓపిక?" మా ఊళ్ళో ఓపిక గురించి ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. మోకాళ్ళు పట్టుకుని కొండ మెట్లెక్కే ముసలివాళ్ళను పుట్టినప్పటినుంచి చూస్తున్నవాళ్ళం. మా అమ్మ అట్లా ఎన్నిసార్లు ఎక్కిందో. ఆమె కడుపున పుట్టి నేనిట్లా ఎందుకయ్యానో దేవుడికే తెలియాలి.

తరగతిలో ఐదుగురం. ముగ్గురు కాలేజీ పిల్లలు, నేను, ఒక అవ్వ. అవ్వది నగరి దగ్గర నేత కుటుంబం. యాభై ఏళ్ళు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి చీరలు నేసింది. కళ్ళు మసకబారాక రేణిగుంటలో కూతురి దగ్గర ఉంటూ, ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చేది. చదువు రాదు. మొదటి రోజే నా పక్కన చాప లాక్కుని కూర్చుంది.

"ఏమప్పా, నీకు సదువు వచ్చునా?"

"ఏడో తరగతి దాకా అవ్వా."

"అబ్బో, కలెక్టరువి. నువ్వు సదువు, నేనింటా."

నన్ను చదువుకున్నవాడన్న మొదటి మనిషి ఆమె. ఒత్తులున్న చోట నేను తడబడతాను, వేలు పెట్టుకుని ఆగి ఆగి చదువుతాను. ఆమెకు అదే నచ్చింది. కాలేజీ పిల్లల్లో ఒకమ్మాయి నేను చదువుతానవ్వా అంటే ఒప్పుకోలేదు. "మీరు రైలు మాదిరి సదువుతారు. నాకు స్టేషన్లు కనపడవు."

నేను ప్యాసింజరు బండిని. ప్రతి స్టేషనులో ఆగేవాణ్ణి. ఆగిన చోటల్లా ఆమె ఏదో ఒకటి అడిగేది, నేను ఏదో ఒకటి వాగేవాణ్ణి. నా పుల్ల ఐసు పందెం చెప్తే కొంగు నోట్లో కుక్కుకుని నవ్వి, చివరికి ఒకే ప్రశ్న వేసింది. "ఐసు ఏ రంగుది?" పన్నెండు మంది శిష్యుల పేర్లు ఆమెకు ఎంతకీ నిలిచేవి కావు. "వాళ్ళల్లో ఒకడు ఎట్లాగూ నిలబడలేదు గదవ్వా, పదకొండు చెప్తే చాల్లే" అన్నాను.

"నువ్వు ఆ పన్నెండో వాడివి గాకుండా సూసుకో" అంది.

ఐదో వారం ఎండలు ముదిరాయి. రేకుల కింద ఫ్యాను వేడిగాలి విసురుతోంది. అయ్యగారు మంచి మాటలే చెప్తున్నాడు, నాకు మాత్రం నోరు ఇంత తెరుచుకుంది. అవ్వ చెవిలో చెప్పాను. "నాకు ఆవలింత వచ్చేసిందవ్వా. ఇంగ నాలో భక్తి అయిపోయినట్లే."

ఆమె నా వైపు తిరగను కూడా లేదు. "మగ్గం మీద గూడా ఆవలింతలు వస్తాయి నాయనా. ఆవలిస్తా ఆవలిస్తానే నేస్తాం."

ఆ మాట ఆ రోజు నవ్వుకుని వదిలేశాను. దాని బరువు తర్వాత తెలిసింది.

ఏడో వారం దాటాను. ఏడు దాటిన రోజు ఇంటికి వచ్చేటప్పుడు కొంచెం ఛాతీ విరుచుకునే నడిచాను. అప్పుడే నాయుడుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో గోడలు రాసే పని తగిలింది. ఆదివారాలే రాయాలి, మిగతా రోజుల్లో లారీలు అడ్డం. రెండు ఆదివారాలు పోయాను. అది తప్పేమీ కాదు, పని పని. అసలు సంగతి మూడో ఆదివారం. ఆ రోజు పని లేదు. జ్వరం లేదు. ఎవరి మీదా అలక లేదు. ఊరికే పోలేదు. వదిలేయడం అంటే తలుపు దఢాలున వేసి పోవడమని అనుకుంటారు జనం. నేను అనుభవస్థుణ్ణి, నన్నడగండి. ఎవరూ వదిలేద్దామని వదిలేయరు. పోకుండా ఉండటం పోవడంకన్నా కొంచెం సుఖంగా ఉంటుంది, అంతే.

మా ఇంటామె తన మాట మీద నిలబడింది. లేపలేదు. ఒక్కతే తయారై, ఒక్కతే పోయింది. గేటు గడియ పెట్టిన చప్పుడు మంచంలోంచి విన్నాను.

మధ్యాహ్నం అదే గడియ తీసిన చప్పుడు. లేచి చూస్తే మా ఇంటామె గొడుగు పట్టుకుని ఉంది, గొడుగు కింద అవ్వ ఉంది. అవ్వ చంకలో గుడ్డసంచి, సంచిలో పాఠాల కాగితాలు. చల్లటి గచ్చు చూసుకుని వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఏమవ్వా, ఇంత ఎండలో నా కోసరం వచ్చినావా?"

"నీ కోసరం ఎవురొచ్చినారు? నా పాఠం కోసరం వచ్చినా. మూడు వారాలాయ. సదువు."

"నేను మానుకుందాం అనుకుంటా ఉండానవ్వా."

"నువ్వు మానుకో. నన్నెందుకు మానిపిస్తా ఉండావు?"

మా ఇంటామె మజ్జిగ తేవడానికని లోపలికి పోయి, తలుపు వెనకే ఆగిపోయింది. కాగితాలు తీసుకుని వేలు పెట్టుకుని మొదలుపెట్టాను. మూడు పాఠాలు. మూడోది ఓపిక గురించే. మనకన్నా ముందు ఈ దారిన పోయినవాళ్ళు ఎందరో ఉన్నారనీ, ప్రభువు కూడా అలసిపోయాడనీ, అలసిపోయి కూడా సిలువ దాకా ఆగలేదనీ ఉంది అందులో. అక్కడ నేను ఆగాను. ఒత్తు దగ్గర కాదు.

అన్నాళ్ళూ నేను ఓపిక అంటే ఒంట్లో ఉండేది అనుకున్నాను. మా వైపు అట్లానే అంటాం కదా, 'నడిచే ఓపిక లేదు', 'వండే ఓపిక లేదు' అని. ఉంటే ఉంటుంది, అయిపోతే అయిపోతుంది, రంగు డబ్బాలో రంగు మాదిరి. ఎదురుగా కూర్చున్న ఈమె ఒంట్లో ఏముంది? కీళ్ళు లేవు, చూపు లేదు, బస్సులో సీటు దొరికిందో లేదో తెలియదు. అయినా వచ్చింది. అంటే ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. బలం ఉన్నవాడు పరుగెత్తేది కాదు, బలం అయిపోయాక కూడా ఇంకొకరి కోసం, పిలిచిన ఆయన కోసం, ఇంకో అడుగు వేసేది. అది మన డబ్బాలోది కాదు. పై నుంచి పోయాల్సిందే.

"ఆగినావే?" అంది అవ్వ.

"స్టేషనవ్వా."

మజ్జిగ తాగి పోతూ పోతూ, మా ఇంటామె చీర కొంగు పట్టుకుని నాకు చూపించింది. "మొదులు అందురూ నేస్తారు నాయనా. కొంగు దాకా పోకుండా మగ్గం దిగితే అది చీర గాదు, గుడ్డ."

తర్వాతి ఆదివారం నన్ను ఎవరూ లేపలేదు. నేనే లేచాను. చొక్కా నేనే వెతుక్కున్నాను, ఇస్త్రీ మాత్రం సరిగ్గా రాలేదు.

పన్నెండో వారం అయ్యగారు ఒక్కొక్కరినీ ప్రశ్నలు అడిగాడు. అవ్వ శిష్యుల్లో పదిమంది పేర్లు చెప్పి, "తక్కిన ఇద్దురూ ఇంటికాడ ఉండారయ్యగారూ" అంది. ప్రభువు ఎవరని అడిగితే మాత్రం తడుముకోలేదు. "నా కండ్లు పోయినా నన్ను సూస్తా ఉండే ఆయన" అంది. అయ్యగారు ప్రశ్నల కాగితం పక్కన పెట్టి, చాలన్నాడు. నా వంతుకు నేను ఇంటి దగ్గర మూడు నవ్వులాట మాటలు కూర్చుకుని వచ్చాను. ఒక్కటీ రాలేదు. "నేను పరుగెత్తి రాలేదయ్యగారూ, నన్ను లాక్కొచ్చినారు" అని కూర్చున్నాను. అది జోకనుకుని కొందరు నవ్వారు.

మే నెలలో బాప్తిస్మం. స్వర్ణముఖిలో ఆ నెలలో ఇసుక తప్ప ఏమీ ఉండదు కాబట్టి చర్చి వెనక సిమెంటు తొట్టి. ఉదయమే బోరు నీళ్ళు నింపినా మా వంతు వచ్చేసరికి ఎండకు కాగి బాలింత స్నానానికి సరిపోయేట్లున్నాయి. అవ్వ నాకన్నా ముందు దిగింది. లేచాక ముఖం తుడుచుకోలేదు, ఆ తడితోనే నిలబడి నవ్వుతూ నా కోసం చూసింది.

ఆ తర్వాతి మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గరికి మా ఇంటామె లేచింది. నేనూ లేచాను. పదకొండేళ్ళలో మొదటిసారి ఇద్దరం ఒకే వరసలో నడిచాం. తిరిగొచ్చి కూర్చునేటప్పుడు నా వైపు చూసింది.

ఆ సాయంత్రమే నిచ్చెన వేశాను. తలుపు అవతలి గోడ మీద దారం పట్టి గీత గీశాను. సుద్దముక్కతో కడగొట్టు 'తో' ఎక్కడ రావాలో ముందు గుర్తు పెట్టుకున్నాను. అక్కడినుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ వచ్చి 'ఓ' దగ్గర ఆగాను. అప్పుడు బ్రష్షు ముంచాను. నాలుగే అక్షరాలు. చర్చి వాళ్ళు వీధిలో కుర్చీలు వేసుకుని చూశారు. టీ అంగడాయన పని ఆపి మరీ వచ్చాడు. ఇప్పుడు ఆ మాట మొత్తం చదవాలంటే తలుపు దాటి నాలుగడుగులు వేయాలి. నేను తప్పుగా మొదలుపెట్టినందుకు అట్లా కుదిరింది కానీ, అయ్యగారు అది తన ఆలోచనేనని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ముగించి కిందికి దిగి, బ్రష్షు చేతిలో ఉండగానే రెండు చేతులూ పైకెత్తాను. అలవాటు. అందరూ చప్పట్లు కొట్టారు. అవ్వ మాత్రం గోడ దగ్గరగా వచ్చి, కళ్ళు చికిలించి, తడి ఆరని ఎర్ర అక్షరాలను ఒక్కొక్కటే చూసింది.

"సూసినావా అవ్వా? ఈ తూరి పందెం పూర్తిగా ముగించినా."

ఆమె కర్రతో నా మోచేతిని మెల్లగా తట్టింది.

"చేతులు దించు నాయనా. ఇది మొదుటి రౌండే."